సర్వే నంబరు లేని చోటు

నోటీసు మూడు పేజీలు.
రెండోదాంట్లో పటం. ప్రింటరులో నీలిరంగు అయిపోయి
సముద్రం బూడిదరంగులో వచ్చింది.
కోనాడ సచివాలయం గోడకి అంటించమన్నారు, అంటించాను.
ఉప్పుగాలికి జిగురు ఆగదు
మధ్యాహ్నానికే ఒక మూల లేచింది.

పైన: చమురు, సహజవాయువు బ్లాకుల హద్దుల సవరణ.
కింద డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు.
సూరాడ గురవయ్య వచ్చి నిలబడి
"సదువమ్మా" అన్నాడు.
చదివాను.
"నిమిషాలంటన్నావు, ఎన్ని గంటలకేటి?"
నవ్వబోయి ఆగాను. ఆయన నవ్వలేదు.

నిరుడు గీసిన గీత
ఇప్పుడు పడమటికి జరిగింది తాతా, మన వైపు.
"ఎవులు జరిపినారు?"
పటం అడుగున సంతకం ఉంది.
అక్షరాలు కూడబలుక్కోలేకపోయాను.

"మా గీతా ఓపాలి జరిగిందిలే" అని
అరుగు మీద కూచున్నాడు.
"నల్లకొండ నెత్తిన ఒంటితాడి నిలబడితే
కింద పదహారు బారల్లో వలతిండిపార.
మా అయ్య సూపించినాడు, ఆయనకి ఆళ్ళయ్య.
హుదూద్ గాలికి తాడి కూలిపోనాది.
పార ఎక్కడికీ పోలేదు
మాకే దారి పోనాది.
మూడేళ్ళు ఎతికినాం."

తర్వాత మందుల ఫ్యాక్టరీ గొట్టం లేచింది.
తాడి ఉండాల్సిన చోట ఇప్పుడు దాన్ని నిలబెడతారు.
దేన్ని తిడుతూ టెంటు వేసుకుని నలభై రోజులు కూచున్నారో
అదే కోనాలకీ గులివిందలకీ గురుతు.
"పొగ ఆగాలని మొక్కాలో, ఆగకూడదని మొక్కాలో
అమ్మోరికే తెలవాల."

నేను చేపల చదువు చదివినదాన్ని.
పడవ ఎక్కింది లేదు.
ఆడమనిషి ఎక్కకూడదంది గురవయ్య కోడలు.
"ఇది ఆడమనిషి కాదు, గవర్నమెంటు" అన్నాడాయన.

చుక్క పొడవక ముందే బయల్దేరాం.
చంపావతి ఈ ఏడు మొగ మార్చుకుంది
ఎవరికీ నోటీసు ఇవ్వకుండా.
ఇసుకమేట తప్పించుకుంటూ ముగ్గురు దిగి నెట్టారు.
నేను ఫోను తడవకుండా తలమీద పెట్టుకున్నాను,
అంతకుమించి చేతనైంది లేదు.
రెండుసార్లు కక్కాను కూడా.

తెల్లారేసరికి కొండ చెయ్యంత అయింది.
దాని మీదికి గొట్టం మెల్లగా జరిగి జరిగి
కుదురుగా నిలబడింది.
గురవయ్య ఇంజను ఆపాడు.
ఫోనులో చుక్క కూడా అక్కడే ఆగింది
కొత్త గీత మీద, సరిగ్గా.
అణియం హద్దుకి లోపల
అమరం బయట.
నేను నడిమి పలక మీద.

ఆయన గాలం తాడు వదిలాడు.
తాడు కొస నా అరచేతిలో పెట్టాడు.
కింద ఎక్కడో సీసం రాయికి తగిలింది,
టక్కున, తలుపు కొట్టినట్టు.
"ఇంటోళ్ళు ఉన్నారు" అన్నాడు.

అభ్యంతరాల ఫారంలో గళ్ళు:
ఇంటి నంబరు. సర్వే నంబరు.
విస్తీర్ణం, ఎకరాల్లో.
"లోతుకి ఎకరాలుంటాయేటి?"
కంప్యూటరు అంకెలు తప్ప అక్షరాలు తీసుకోనంది.
కాగితం మీద రాశాను, సర్వే నంబరు గడిలో:
నల్లకొండ నెత్తిన గొట్టం, పదహారు బారలు.
గురవయ్య పేరంతా రాసి
చివర చుక్క పెట్టాడు, గట్టిగా
కాగితం అవతలకి తేలేలా.

రసీదు ఇచ్చారు. జవాబు లేదు.
నిన్న ఇంకో నోటీసు వచ్చింది, ఒకటే పేజీ.
ఫ్యాక్టరీ పాతగొట్టం పడగొట్టి
రెండు ఫర్లాంగులు ఉత్తరంగా కొత్తది కడతారట.
గురవయ్య వల బాగుచేసుకుంటూ అరుగు మీదే ఉన్నాడు.
జిగురు డబ్బా పట్టుకుని
గోడ ముందు నిలబడ్డాను.